క్యాలిపర్‌తో ట్రైనింగ్ క్లాసులు చెప్పాలంటే

ట్రైనింగ్ ఇవ్వమని ఫోన్ వస్తే చాలామంది సబ్జెక్టు, తేదీ, ఫీజు మాట్లాడుకుని పెట్టేస్తారు. మనలాంటివాళ్లు వాటికంటే ముందు అడగాల్సింది, హాలు ఏ అంతస్తులో ఉందని. నాకు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. కాలికి ఊతంగా కడ్డీలు, పట్టీలతో ఉండే క్యాలిపర్ వేసుకుని, కుడి చేత్తో ఎల్బో కర్ర పట్టుకుని నడుస్తాను. ఉండేది నల్గొండలో. పొదుపు సంఘాల వీవోఏలకు, అంటే ఊళ్లో సంఘాల లెక్కలు చూసే సహాయకులకు, లెక్కల పుస్తకాలు రాయడం, డిగ్రీ పిల్లలకు ఇంటర్వ్యూల్లో ఎలా మాట్లాడాలో నేర్పుతాను. మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ, అప్పుడప్పుడూ మహబూబ్‌నగర్ దాకా పోతుంటాను.

"గ్రౌండ్ ఫ్లోరే మేడం, రెండే మెట్లు" అంటారు. ఆ రెండు మెట్ల ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. ఎంత ఎత్తున్నాయో, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉందో లేదో కనబడుతుంది. ర్యాంపు ఉందంటే దాని ఫొటో కూడా తెప్పించుకోండి. లెక్క ప్రకారం అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. మన దగ్గర బైకులు ఎక్కించడానికి పోసిన సిమెంటు వాలును కూడా ర్యాంపే అంటారు. దాని మీద కర్ర జారుతుంది, వీల్‌చైర్ వెనక్కి పోతుంది. నన్నడిగితే అంతకంటే మెట్లే నయం.

తర్వాత బాత్‌రూమ్. అడగడానికి సిగ్గుపడకండి, ముఖ్యంగా ఆడవాళ్లు. క్యాలిపర్‌తో ఇండియన్ టాయిలెట్‌లో కూర్చోలేం. ఆ భయంతో పొద్దున్నుంచి నీళ్లు ముట్టకుండా సాయంత్రం దాకా లాగించేవాళ్లు నాకు తెలుసు. నల్గొండ ఎండల్లో అది మంచిది కాదు. చాలా కాలేజీల్లో వెస్టర్న్ కమోడ్ ఒక్కటే ఉంటుంది, అదీ ప్రిన్సిపాల్ గది పక్కన, తాళం వేసి. ఆ తాళం ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కుని, వాళ్ల పేరు, నంబరు రాసుకోండి. ఊళ్లలో క్లాసైతే మడత కమోడ్ స్టూలు వెంట తీసుకెళ్లడమే మార్గం. ఆటోలో సులువుగా పడుతుంది.

ఇవన్నీ ఫోన్‌లో మాట్లాడి వదిలేయకుండా, ఒప్పుకుంటున్నట్టు పంపే మెసేజ్‌లోనే రాయండి: గ్రౌండ్ ఫ్లోర్ హాలు, ఎత్తు స్టూలు, కాలర్ మైకు, ఆటో ఖర్చు విడిగా. బతిమాలుతున్నట్టు రాయొద్దు, ప్రొజెక్టర్ కావాలని ఎలా రాస్తామో అలాగే రాయాలి. తగిన సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షేనని 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది. నేనైతే ఆ చట్టం పేరు ఎత్తకుండానే పని జరుపుకుంటాను. ఎత్తాల్సి వచ్చిన చోటికి రెండోసారి పిలుపు రావడం అరుదు. అయినా తెలిసి ఉండటం మంచిది, గొంతులో తేడా వస్తుంది.

ప్రయాణం సంగతి. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చాక పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మా ఆడవాళ్లకు టికెట్ ఖర్చు తప్పింది, సీటు దొరకడం కష్టమైంది. అందుకే దారిలో స్టేజీ దగ్గర ఎక్కను, ఆటో పెట్టుకునైనా బస్సు బయలుదేరే బస్టాండుకే పోతాను. మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా మహబూబ్‌నగర్ పోవాలంటే ముందురోజే వెళ్లి ఉండాలి. బస్సు దిగి నేరుగా క్లాసులోకి పోతే మధ్యాహ్నానికి గొంతు కంటే ముందు భుజం పోతుంది.

హాలుకు గంట ముందు చేరండి. సరిగ్గా క్లాసుకు ముందే తడిగుడ్డ పెడతారు. తడి టైల్స్ మీద కర్ర నిలవదు, కాబట్టి ఊడ్చే అమ్మకు ముందే చెప్పుకోండి. కర్ర కింద రబ్బరు బుష్ అరిగిందేమో చూసుకోండి, సంచిలో ఇంకోటి ఉంచుకోండి. ప్రొజెక్టర్ వైరు నడిచే దారిలో ఉంటే గోడవారగా జరిపించండి. కుర్చీలు మూడు వైపులా వేయించి, మధ్యలో మూడడుగుల దారి వదలండి. వీల్‌చైర్ తిరగాలంటే ఐదడుగులు కావాలి.

నా కుడి చేతిలో కర్ర ఉంటుంది కాబట్టి చేతి మైకు పట్టుకుంటే ఇక బోర్డు మీద రాసే చెయ్యి లేదు. కాలర్ మైకు అందుకే. అది ఉన్నా బోర్డు మీద నేను రాయడం తక్కువ. నగదు పుస్తకం గళ్లు చార్టు మీద గీయించి, ఒక్కో వీవోఏను పిలిచి రాయిస్తాను. తప్పు రాస్తే వెనకున్న ఆమె అరుస్తుంది, "అక్కా, అది అప్పు కాదు, పొదుపు!" నేను గంటసేపు నిలబడి చెప్పినా అంత గట్టిగా ఎక్కదు.

ఊళ్లలో జంపఖానా పరిచి కూర్చోబెడతారు. పెద్దవాళ్లంతా కింద కూర్చుంటే నేనొక్కదాన్నే కుర్చీలో ఉండటం ఇబ్బందే. మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు బిగుసుకుపోయి, నడుం వంగినవాళ్లు ఉంటారు. వాళ్లూ కింద కూర్చోలేరు. అందుకే నాతోపాటు వాళ్లకూ కుర్చీలు అడుగుతాను. మిగతా చోట్ల మొదటి పది నిమిషాల్లో "అయ్యో బిడ్డా, కాలుకు ఏమైంది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. "చిన్నప్పుడు పోలియో అమ్మా, ఇప్పుడు మీ పుస్తకం తెరువుండ్రి" అంటే సరిపోతుంది. అంతకంటే సాగదీస్తే క్లాసు చేతిలోంచి జారిపోతుంది.

శరీరం విషయం. పోలియో వచ్చినవాళ్లకు దశాబ్దాల తర్వాత కొత్తగా నీరసం, కండరాల బలహీనత రావచ్చు. దాన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. కష్టపడితే తగ్గుతుందనుకుంటే ఇంకా పెరుగుతుంది. నడిచి చేయించేవి పొద్దున పెట్టుకుని, భోజనం తర్వాత గ్రూపు పని ఇచ్చి కూర్చోండి. వరసగా రెండు రోజులు చెబితే మూడో రోజు ఒప్పుకోవద్దు. చంక కర్రలు వాడేవాళ్లు పై పట్టీ చంకకు రెండు వేళ్ల కిందికి ఉండేలా సరిచేసుకోండి. బరువు చేతులే మోయాలి. చంక మీద వాలితే నరం నొక్కుకుపోయి మణికట్టు వాలిపోతుంది.

ఫీజు దగ్గర మాత్రం తగ్గొద్దు. డిసెంబర్ 3 దివ్యాంగుల దినం దగ్గరపడగానే "స్ఫూర్తిగా నాలుగు మాటలు చెప్పండి మేడం" అని ఉత్తచేతులతో పిలుస్తారు, శాలువా కప్పుతారు. ఏ సబ్జెక్టు మీద అని అడిగితే "మీ జీవితమే మేడం" అంటారు. ఆ రోజు కూడా లెక్కల క్లాసే పెట్టించండి, ఫీజు మామూలే అంటాను. కొందరు మళ్లీ ఫోన్ చేయరు. కొందరు నిజంగానే పెట్టించారు.