ఆర్కిడ్ కాండాన్ని చూసి నీరు పోయడం

నర్సరీ నుంచి ఆర్కిడ్ తెచ్చుకున్నవారు మొదట అడిగేది ఎన్ని రోజులకొకసారి నీరు పోయాలని. దీనికి అన్ని మొక్కలకూ సరిపోయే లెక్క లేదు. మొక్క పేరు తెలియకపోయినా దాని కాండాన్ని చూసి జవాబును చాలావరకు నిర్ణయించుకోవచ్చు.

ముందుగా మొక్క పైకి పెరుగుతోందా, పక్కకు సాగుతోందా అన్నది గమనించాలి. వాండా, ఫలనాప్సిస్ మొక్కలకు ప్రధాన కాండం ఒక్కటే. దాని కొన నుంచి కొత్త ఆకులు వస్తుంటాయి, పూలకాడలు మాత్రం పక్క నుంచి, ఆకుల మొదళ్ల దగ్గర పుడతాయి. ఈ తీరును మోనోపోడియల్ అంటారు. డెండ్రోబియం, కాట్లియా, ఆన్సిడియం సింపోడియల్ తీరువి. పసుపు కొమ్ము మట్టిలో పక్కకు సాగుతూ పిలకలు వేసినట్టే, వీటి అడుగు కాండం కుండీలో పాకుతూ పాత కాడ మొదట్లో నుంచి కొత్త పిలకను లేపుతుంది.

ఆ పిలక ముదిరి, నీటినీ పోషకాలనూ దాచుకునే సూడోబల్బ్‌గా మారుతుంది. ఆన్సిడియంలో ఇది కాస్త నొక్కిన కోడిగుడ్డులా, చాలా డెండ్రోబియంలలో సన్నని చెరకు గడలా కణుపులతో ఉంటుంది. ఉల్లిగడ్డలా పొరలు ఉండవు, ఇది పూర్తిగా కాండమే. చెట్ల మీద పెరిగేవాటన్నిటినీ బదనికలనడం మన వాడుక గానీ, ఆర్కిడ్ ఆ చెట్టు రసాన్ని పీల్చదు. వాన వెలిసిన కాసేపటికే ఆరిపోయే బెరడు మీద బతకాలి కనుకనే దానికి ఈ నిల్వ అవసరమైంది.

సూడోబల్బ్ ముడతలు పడగానే నీరు ఎక్కువగా పోయడం నేను తరచుగా చూసే పొరపాటు. ముడతకు కారణం నీరు చాలకపోవడం కావచ్చు, నీరు ఎక్కువై వేర్లు కుళ్లి పీల్చలేకపోవడమూ కావచ్చు. పై లక్షణం ఒకటే అయినా చికిత్సలు పరస్పర విరుద్ధం కాబట్టి, కుండీలోని వేళ్లను పరీక్షించకుండా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. వేళ్లు గట్టిగా ఉంటే బాగా తడపాలి. నొక్కితే మెత్తగా నలిగి పై పొర ఊడివస్తుంటే కుళ్లినవాటిని శుభ్రమైన కత్తెరతో తీసివేసి, బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్కు కలిపిన కొత్త మిశ్రమంలో నాటాలి. ఆకులు రాలిన పాత సూడోబల్బులు కొంత ముడుచుకోవడం మాత్రం సహజం. అవి కొత్త పిలకకు తమ నిల్వను అందిస్తుంటాయి కనుక, పచ్చగా ఉన్నంతకాలం వాటిని కోయకూడదు.

పిలక వేళ్లు వేసి ఎదుగుతున్నప్పుడు నీరు ధారాళంగా ఇచ్చి, సూడోబల్బ్ ముదిరాక తగ్గించాలి. ఎంత తగ్గించాలన్నది జాతిని బట్టి ఉంటుంది. సిక్కిం రాష్ట్ర పుష్పమైన డెండ్రోబియం నోబిలేకు చలికాలంలో చల్లదనమూ, దాదాపు పొడి విశ్రాంతీ కావాలి. అప్పుడూ నీరు, ఎరువు ఇస్తూ పోతే కణుపుల వద్ద పూలకు బదులు పిల్లమొక్కలు పుడతాయి. మన నర్సరీల్లో విరివిగా దొరికే, కాడ చివర పూసే సతతహరిత డెండ్రోబియం సంకరాలను అంతగా ఎండగట్టడం తగదు.

మోనోపోడియల్ మొక్కలకు సూడోబల్బులు ఉండవు. మందపాటి ఆకులు, వేళ్లే ఆధారం. ఇంటర్‌లో వృక్షశాస్త్రం చదివినవారికి వెలమెన్ గుర్తుండే ఉంటుంది: వేరు మీది ఆ స్పంజి పొర ఎండినప్పుడు తెల్లగా, తడిసినప్పుడు పచ్చగా కనిపిస్తుంది. బుట్టలో వేళ్లు గాలికి వేలాడే వాండాకు వేసవిలో రోజూ నీరు కావాలి. మిశ్రమంలో పెరిగే ఫలనాప్సిస్‌కు అది ఆరుతున్నప్పుడు పోస్తే చాలు, కానీ ఆకుల నడిమి గుంటలో నీరు నిలిస్తే మొవ్వు కుళ్లి ఆ కాండం ఎదుగుదల ఆగిపోతుంది.

కుండీ మార్చేటప్పుడు మోనోపోడియల్ మొక్కను మధ్యలో నాటాలి. సింపోడియల్ మొక్కకైతే పాత కాడలను అంచుకు ఆనించి, కొత్త పిలక ఎదుట కనీసం రెండేళ్ల పెరుగుదలకు సరిపడే ఖాళీ వదలాలి. విభజించదలిస్తే ఒక్కో భాగానికి మూడు సూడోబల్బులకు తగ్గకుండా ఉంచాలి.