వాకింగ్ నుంచి రాగానే పిడుదుల వేట

కుక్కని తిప్పుకొచ్చాక గొలుసు విప్పేలోపే ఒళ్లంతా తడమండి. పిడుదులు ఎక్కువగా దొరికేది కాలివేళ్ల సందుల్లో, చెవి మడతల్లో, చంకల్లో, మెడపట్టీ కింద. గింజలా తగిలితే వెంట్రుకలు పక్కకి తీసి చూడండి. కాళ్లు కనిపిస్తేనే పిడుదు. చనుమొనని పట్టుకుని లాగేవాళ్లూ ఉన్నారు, మగకుక్కకీ అవి ఉంటాయి మరి!

సన్నమొన ట్వీజర్స్‌ని చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. పిడుదుని పొట్ట దగ్గర పట్టుకుంటే చిట్లుతుంది, నోటి ముక్క లోపలే విరుగుతుంది. కిరోసిన్, అగ్గిపుల్ల వద్దే వద్దు. తీసినదాన్ని గోటితో నలపకుండా స్పిరిట్‌లో వేసి, ఆ చోట బెటాడిన్ అద్దండి.

వేరేవాళ్ల కుక్కయితే పిడుదు తీసిన తేదీ యజమానికి వాట్సాప్‌లో పెట్టండి. రెండు మూడు వారాల్లో తిండి మానేసినా, ముక్కులోంచి రక్తం కారినా డాక్టరుకి పిడుదు దొరికిన సంగతే మొదట చెప్పాలి.