పెన్షన్ రాజమండ్రిలో, కాపురం టెక్సాస్‌లో

గ్రీన్ కార్డు మీద పిల్లల దగ్గరికి అమెరికా వచ్చేసే తల్లిదండ్రులు నన్ను ముందుగా అడిగేది "పెన్షన్ అక్కడికి వస్తుందా?" అనే. రాదు, రానక్కర్లేదు కూడా. నేను తపాలా శాఖలో చేసి రాజమండ్రిలో రిటైరయ్యాను, ఇప్పుడు డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నేను గట్టిగా చెప్పేదల్లా ఒకటే. రూపాయల్లో వచ్చే డబ్బు రూపాయల్లోనే ఖర్చయ్యేలా బయల్దేరకముందే ఏర్పాటు చేసుకోండి.

లెక్క చూడండి. నెలకు 45 వేల పెన్షన్‌ని డాలరుకు 90 రూపాయల చొప్పున మారిస్తే 500 డాలర్లు. ఇక్కడ ఒక చిన్న అపార్ట్‌మెంటు అద్దెలో సగానికి కూడా అది సరిపడదు. 2014లో డాలరు 60 రూపాయల చిల్లర ఉండేది. జనవరికీ జులైకీ డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం) పెరిగినా డాలర్లలో చూస్తే ఆ పెరుగుదల పెద్దగా కనిపించదు. అదే 45 వేలు మన ఊళ్లో ఇంటి పన్ను, మెయింటెనెన్సు, ఏడాదికోసారి విమానం టికెట్, పళ్ల వైద్యం, కళ్లజోళ్లు అన్నిటికీ వస్తాయి. నేను డాలర్లలోకి మార్పించేది చేతిఖర్చుకి కావలసినంతే. మనవడి పుట్టినరోజుకి ఏదైనా కొనాలంటే అల్లుడి ముఖం చూడకూడదు కదా, అందుకు.

పోస్టాఫీసులో పెన్షన్ తీసుకునేవాళ్లు బయల్దేరే ముందే దాన్ని బ్యాంకుకి మార్పించుకోండి. ఇది తపాలా మనిషిగానే చెబుతున్నాను, దూరం నుంచి బ్యాంకుతోనే తేలిక. భార్యాభర్తల జాయింటు ఖాతా ఉంటే మంచిది. పీపీవోలో (పెన్షన్ మంజూరు పత్రంలో) జీవిత భాగస్వామి పేరు, పాస్‌పోర్టులో పేరు ఒక్కలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. ఫ్యామిలీ పెన్షన్ దగ్గర ఆ తేడా ఎంత ఏడిపిస్తుందో కౌంటరు వెనక కూర్చుని చూశాను.

ఇక్కడ స్థిరపడ్డాక పాత సేవింగ్స్ ఖాతా అలాగే ఉంచకూడదు, ఎన్నార్వోగా, అంటే ఎన్నారైల రూపాయి ఖాతాగా మార్పించాలి. పెన్షన్ అందులోనే పడుతుంది. డిపాజిట్ల వడ్డీ మీద మాత్రం 30 శాతం, పైన సెస్సు టీడీఎస్ కోస్తారు, పన్ను కోయొద్దని పెద్దవాళ్లు ఇచ్చే 15హెచ్ లాంటి ఫారం ఎన్నారైలకు చెల్లదు. రిటర్ను వేస్తే ఎక్కువ కోసింది తిరిగొస్తుంది. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీము కొత్తగా తెరవలేరు. ఇక్కడి వైపు, మీ ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల వివరాల ఫారం అమెరికా ప్రభుత్వానికి దాఖలు చేయాలి. డిపాజిట్లున్న పెన్షనర్లు చాలామంది దాటుతారు. పిల్లలకి ఆ ఖాతాల సంగతి దాచకండి.

అన్నిటికన్నా ముఖ్యం లైఫ్ సర్టిఫికెట్. కేంద్ర పెన్షనర్లకి అది నవంబరు నెల, 80 దాటినవాళ్లకి అక్టోబరు 1 నుంచే. ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. ఇచ్చాక బకాయితో సహా వస్తుంది గానీ, ఈలోగా ఆందోళన. పెద్దవాళ్ల వేలిముద్రలు అరిగిపోతాయి. యంత్రం మీద వేలు పెట్టి, చీరకొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టి, అయినా పడక నా ముఖంలోకి చూసినవాళ్లు ఎందరో. 2021లో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చాక ఆ అవస్థ తగ్గింది. జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే రెండు యాప్‌లు ఊళ్లో ఉండగానే ఫోన్లో వేయించి, ఒకసారి చేసి చూసుకోండి. అది కుదరకపోతే భారత కాన్సులేటు అధికారి సంతకంతో పంపవచ్చు. టెక్సాస్‌వాళ్లకి హ్యూస్టన్.

వీటన్నిటికీ ఓటీపీ కావాలి. ఆధార్‌కీ బ్యాంకుకీ ఇచ్చిన సిమ్‌ని చావనివ్వకండి. ఇంటర్నేషనల్ రోమింగ్ అక్కడే ఆన్ చేయించి, రీచార్జి గడువు తేదీని ఇంట్లో క్యాలెండరు మీద రాసిపెట్టండి.

వైద్యం సంగతి తేల్చుకోకుండా మాత్రం విమానం ఎక్కొద్దు. గ్రీన్ కార్డు రాగానే మెడికేర్, అంటే ఇక్కడ పెద్దవాళ్లకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా, రాదు. 65 దాటి ఉండాలి, ఇక్కడ వరుసగా అయిదేళ్లు నివాసముండాలి. అప్పుడైనా ఇక్కడ ఉద్యోగం చేయని మనబోటివాళ్లు కొనుక్కోవాలి. 2025లో ఆస్పత్రి ఖర్చులకి పార్ట్ ఏ నెలకు 518 డాలర్లు, డాక్టరు ఖర్చులకి పార్ట్ బీ 185. అంటే పెన్షన్ మొత్తం పోసినా చాలదు. ఈ అయిదేళ్లకీ ప్రభుత్వ వెబ్‌సైట్లో కొనుక్కునే మార్కెట్‌ప్లేస్ ఇన్సూరెన్సు ఉంది, వచ్చిన 60 రోజుల్లో తీసుకోవాలి. విజిటర్ ఇన్సూరెన్సు చవకే గానీ పాత జబ్బులకి దాదాపు అక్కరకు రాదు. కాబట్టి ప్రీమియం ఎవరు కడతారు, ఎంతవరకు అనేది కూతురితోనో కొడుకుతోనో, అల్లుడూ కోడలూ కూడా కూర్చున్నప్పుడే మాట్లాడుకోండి. మొహమాటపడితే అది తర్వాత మనసులో పెరుగుతుంది.

మందులు మూడు నెలలకి సరిపడా, చీటీతో తెచ్చుకోవచ్చు. చీటీ మీద జెనరిక్ పేర్లు రాయించండి. మెట్‌ఫార్మిన్ లాంటివి వాల్‌మార్ట్‌లో నెలకి 4 డాలర్ల జాబితాలో ఉన్నాయి.

ఇండియా ప్రయాణం నవంబరులో పెట్టుకుంటే సర్టిఫికెటు, పళ్ల డాక్టరు, బ్యాంకు పని, కార్తీక స్నానాలు ఒకే రాకలో అయిపోతాయి. ఆరు నెలలు దాటకుండా తిరిగి రండి, పౌరసత్వానికి లెక్కించే కాలం తెగిపోకుండా. టికెట్లు వేసవిలోనే చూడటం మొదలుపెట్టండి, సంక్రాంతి దాకా ఉంటే తిరుగు టికెట్ ఇంకా ముందే.