గాలి శాంపిల్‌లో వైరస్ దొరకట్లేదా? దొరికినా పెరగట్లేదా?

ఓపీ హాలులో అరగంట పంపు నడిపి తెచ్చిన శాంపిల్ ఆర్‌టీ-పీసీఆర్‌లో నెగెటివ్. అదే హాలులో దగ్గుతూ కూర్చున్న వాళ్ల స్వాబ్‌లు మాత్రం పాజిటివ్. తిరుపతిలో ఎంఎస్సీ ప్రాజెక్టులు చేసే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే.

సమస్య: ఎన్నిసార్లు చేసినా నెగెటివ్

కిట్‌ను అనుమానించే ముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. ఘనపు మీటరు గాలిలో, అంటే 1000 లీటర్లలో, 1000 వైరస్ జీనోమ్‌లు (ఒక్కో వైరస్‌లోని మొత్తం జన్యు పదార్థం) ఉన్నాయనుకుందాం. ద్రవంలోకి గాలి లాగే శాంప్లర్ నిమిషానికి 12.5 లీటర్లు లాగుతుంది. అరగంటకు 375 లీటర్లు, మహా అయితే 375 జీనోమ్‌లు. అవన్నీ 20 మిల్లీలీటర్ల ద్రవంలో కలిసిపోతాయి. ఎక్స్‌ట్రాక్షన్‌కు, అంటే వైరస్ ఆర్‌ఎన్‌ఏను వేరుచేయడానికి, మనం తీసేది 140 మైక్రోలీటర్లు. అందులోకి వచ్చేవి రెండున్నర. వేరైన ఆర్‌ఎన్‌ఏను 60 మైక్రోలీటర్ల ద్రవంలోకి దించి (ఎల్యూట్ చేసి), 5 మైక్రోలీటర్లు పీసీఆర్‌లో వేస్తే ట్యూబుకు సగటున 0.2. అయిదు ట్యూబులు పెడితే ఒకదాంట్లో ఒకటి పడుతుందేమో! వైరస్ హాలులో ఉంది, మన ట్యూబులోకి రాలేదు.

పరిష్కారం: ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్ ఫిల్టర్‌తో అర మిల్లీలీటరుకు తగ్గించండి. మధ్యలో నష్టం లేకపోతే ట్యూబుకు ఎనిమిది, తొమ్మిది వస్తాయి. మూడేసి ట్యూబులు పెట్టండి. ఆలస్యంగా పైకి లేచిన ఒక్క కర్వ్ (పీసీఆర్ సిగ్నల్ గీత) చూసి పాజిటివ్ అనొద్దు.

మన ఊరి ఎండనూ లెక్కలోకి తీసుకోవాలి. ఒక మే నెలలో మా శాంప్లర్ ద్రవం అరగంటలో దాదాపు సగానికి ఇగిరిపోయింది. శాంప్లర్ లోపలి గోడకు అంటిన తడి గీత చూస్తేనే తెలిసింది. అప్పటి నుంచి పంపు పెట్టే ముందు, ఆపాక కూడా ద్రవం కొలిచి రాస్తున్నాం. పంపు గాలి లాగే వేగాన్ని కూడా రెండుసార్లూ రోటామీటర్‌తో (గాలి ప్రవాహం కొలిచే గొట్టంతో) చూడండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు పంపు మందగిస్తే గడియారానికి తెలియదు.

సమస్య: ఇంటర్నల్ కంట్రోల్ (పరీక్ష పనిచేసిందో లేదో తెలియడానికి మనమే కలిపే గుర్తు) కూడా రాలేదు

అయితే అది నెగెటివ్ కాదు, చెల్లని ఫలితం. దుమ్ము, మసి పీసీఆర్ ఎంజైమ్‌ను అడ్డుకుని ఉండొచ్చు. ఆర్‌ఎన్‌ఏను పదింతలు పలచన చేసి మళ్లీ పెట్టండి. మామూలుగా సీటీ (సిగ్నల్ కనిపించిన పీసీఆర్ సైకిల్ సంఖ్య) 3.3 పెరగాలి. పెరగకపోయినా, తగ్గినా అడ్డంకి ఉన్నట్టే.

సమస్య: నీళ్లు వేసిన ట్యూబు పాజిటివ్

పాత పీసీఆర్ ఉత్పత్తి ఎక్కడో అంటుకుని ఉండొచ్చు. ఆ ప్లేటు ఫలితాలేవీ ఇవ్వొద్దు. మాస్టర్‌మిక్స్ (పీసీఆర్ రసాయనాల మిశ్రమం) కలిపే గదిలో వాడే పిపెట్లు, ల్యాబ్ కోట్లు వేరుగా ఉండాలి. బ్లీచ్ ఏ రోజుకు ఆ రోజు కలుపుకోవాలి. వాడిన ప్లేటు సీలు మాత్రం ఎప్పుడూ తెరవొద్దు.

సమస్య: పీసీఆర్ పాజిటివ్, కల్చర్‌లో (ల్యాబ్‌లో పెంచే జీవకణాల్లో) మాత్రం పెరగలేదు

ఇక్కడే తొందరపడి "గాలిలో ఉన్నది చచ్చిన వైరస్సే, భయం లేదు" అనేస్తారు. నాకు బాధ కలిగించేది ఈ మాటే. పీసీఆర్ చూసేది జీనోమ్ ముక్కను. అది బతికి ఉందో లేదో చెప్పదు. పెరగలేదు కదా అని గాలిలోనే చచ్చిందనీ చెప్పలేం, మన చేతుల్లో చచ్చి ఉండొచ్చు.

మొదట ట్యూబు లేబుల్ చూడండి. లైసిస్ బఫర్ (వైరస్‌ను పగలగొట్టే ద్రవం) ఉన్న మీడియం వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది. పీసీఆర్‌కు అది చక్కగా పనికొస్తుంది, కల్చర్‌కు పనికిరాదు. కల్చర్ కావాలంటే మామూలు వీటీఎం (వైరస్‌ను బతికించి తీసుకెళ్లే ద్రవం) వాడాలి. రెండోది ఫిల్టర్. పొడి ఫిల్టర్ మీద గంటల తరబడి గాలి పారితే కోవిడ్ వైరస్ లాంటి కొవ్వుపొర ఉన్నవి ఎండి దెబ్బతింటాయి. 2020లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు గాలిలో తేలే తుంపర్ల మీద నీటి ఆవిరిని పేరుకునేలా చేసి, మెల్లగా పట్టే శాంప్లర్ వాడారు. ఆస్పత్రి గదిలో పేషెంట్లకు 2 నుంచి 4.8 మీటర్ల దూరంలో బతికున్న కోవిడ్ వైరస్‌ను పట్టారు.

ఆ తర్వాత నిల్వ సంగతి. శాంపిల్ 2 నుంచి 8 డిగ్రీల్లో ఐస్‌ప్యాక్‌ల మధ్య రావాలి. ఆలస్యమయ్యేలా ఉంటే మైనస్ 70 డిగ్రీల్లో ఉంచాలి. మామూలు ఫ్రీజర్‌లో పెట్టి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తే బతికున్న కాస్తా పోతుంది. ఇక కల్చర్ ద్రవం మొదటి రోజే మసకబారితే అది వైరస్ పని కాదు, గాలితో వచ్చిన బ్యాక్టీరియా, బూజు. యాంటీబయోటిక్, యాంటీఫంగల్ మందులు కలిపిన మీడియం వాడాలి.

కోవిడ్ వైరస్ కల్చర్ బీఎస్‌ఎల్-3లోనే (మూడో స్థాయి జీవభద్రత ల్యాబ్‌లోనే) చేయాలి. మీకు ఆ సదుపాయం లేకపోతే పీసీఆర్ దగ్గరే ఆగి, రిపోర్టులో "ఆర్‌ఎన్‌ఏ కనిపించింది, వైరస్ సజీవంగా ఉందో లేదో పరీక్షించలేదు" అని రాయండి.