గూడబాతు (పెలికాన్) మీద పరిశోధన పేపర్లు వెతుకుతున్నారా?

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం ఊరికొచ్చే పక్షుల మీద ప్రాజెక్టు చేసే శ్రీకాకుళం జువాలజీ పిల్లలకు ఒక మాట. పరిశోధన పేపర్లు వెతికే గూగుల్ స్కాలర్‌లో ఉత్త 'పెలికాన్' అని కొడితే ప్రపంచంలోని పెలికాన్లన్నీ వచ్చి పడతాయి. మన గూడబాతు శాస్త్రీయ నామం పెలెకానస్ ఫిలిప్పెన్సిస్‌ను ఇంగ్లిష్‌లో, డబుల్ కోట్స్ మధ్య పెట్టండి. పాత పేపర్లలో దీన్నే గ్రే పెలికాన్ అనేవారు. ఆ పేరునీ, స్పాట్ బిల్డ్ పెలికాన్ అనే ఇప్పటి పేరునీ విడివిడిగా డబుల్ కోట్స్‌లో పెట్టి, మధ్యలో OR అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో కొడితే రెండూ దొరుకుతాయి. ఊరి పేరు స్పెల్లింగ్ ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, అదో తలనొప్పి. జిల్లా పేరుతోనూ చూడండి. మంచి పేపర్ ఒకటి దొరికిందా, దాని కింద 'సైటెడ్ బై' నొక్కండి. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు అక్కడుంటాయి. డబ్బు కట్టమంటే టెన్షన్ పడకండి, పక్కనే 'ఆల్ వెర్షన్స్'లో ఒక్కోసారి ఉచిత పీడీఎఫ్ ఉంటుంది.