మృగశిర లోపే వాకిలి తలుపు చూసుకోండి

రోహిణి ఎండకు టేకు తలుపైనా కుదించుకుపోతుంది. మేలో సందు పెద్దదిగా కనిపించిందని అంచుకు చెక్క పట్టీలు కొట్టి బిగిస్తే, జూలై ముసురుకు చెక్క ఉబ్బి తలుపు పడదు. ముసురులో పట్టేసిందని రందా కొట్టిస్తే ఎండాకాలానికి మళ్లీ సందు తేలుతుంది. వరంగల్ ఇళ్లలో ఏటా జరిగే తప్పిది. ఎండాకాలంలో రెక్కకూ దర్వాజకూ మధ్య పక్కల 3 మిల్లీమీటర్ల సందు ఉంటే వదిలేయండి. గాలిని ఆపాల్సింది చెక్క కాదు, రబ్బరు.

ముందు మడతబందులు చూడండి. పై బందు దగ్గర సందు వెడల్పై, గొళ్లెం వైపు కింది మూల నేలకు రాసుకుంటోందంటే పై బందు స్క్రూలు వదులైనట్టే. స్క్రూ విప్పే ముందు రెక్క కింద చెక్క ముక్కలు దోపి బరువు ఆపాలి, ఒకసారి ఒక్క బందే విప్పాలి. టేకు రెక్క మీద పడితే కాలు విరుగుతుంది. పాత రంధ్రంలో ఫెవికాల్ రాసిన టేకు పుల్ల దిగ్గొట్టి, రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున సన్నటి డ్రిల్లు వేసి, 25 మిల్లీమీటర్ల స్క్రూ ఉన్నచోట 50ది బిగించండి. డ్రిల్లు వేయకుండా తిప్పితే దర్వాజ పగులుతుంది. ఇంతటితో చాలా తలుపులకు రందా అవసరమే ఉండదు.

ఇంకా రాసుకుంటే ఆ రాసుకున్న చోటే కొట్టించండి, ఆ రోజే పెయింట్ వేయించండి. రెక్క అడుగంచుకు రంగు వేయకుండా వదిలేయడం మామూలే, చెక్క అక్కడినుంచే నీళ్లను పైకి పీలుస్తుంది. రెక్క దించి రెండు కోట్లు వేయించాల్సిందే.

తలుపులో కాగితం పెట్టి మూయండి. లాగితే తేలిగ్గా వచ్చేచోట రబ్బరు పట్టీ అంటించాలి. దర్వాజలో రెక్క ఆనే మెట్టు మీద, దుమ్ము తుడిచి పూర్తిగా ఆరాకే. గొళ్లెం పెట్టడానికి భుజంతో నెట్టాల్సి వస్తే పట్టీ మందమెక్కువ. ఆ ఒత్తిడికి బందులు మళ్లీ వదులవుతాయి.

అడుగు సందుకు అల్యూమినియం పట్టీ ఉన్న రబ్బరు తీసుకోండి. బ్రష్ రకం వాన నీటిని ఆపదు. గడపకు మేకులు కొట్టడం పెద్దలకు నచ్చదు, ఆ పనీ లేదు: పట్టీని రెక్కకే బిగించి, రబ్బరు గడపను తాకీతాకనట్టు సర్దితే చాలు. తేళ్లు దూరే దారి కూడా ఇదే కాబట్టి మూలల్లో వేలెడు ఖాళీ కూడా వదలొద్దు. గడప కడిగిన నీళ్లు దర్వాజ కాళ్ల దగ్గర నిలవనివ్వకండి.

దర్వాజకూ గోడకూ మధ్య సన్న పగుళ్లకు అక్రిలిక్ సీలెంట్ సరిపోతుంది. అక్కడ చెదల మట్టి గీతలుంటే ముందు చెద మందు కొట్టించాకే మూయండి.

ఆదిలాబాద్ వైపు డిసెంబరు, జనవరిలో రాత్రులు 10 డిగ్రీల కిందికి పడిపోతాయి. సందులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి ఆరుబయటే ఉండాలి.