గిటార్ బ్రిడ్జి సెట్ చేయడం ఎలా? ముందు స్ప్రింగులు, ఆఖర్న సాడిళ్లు

ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు ఎలక్ట్రిక్ గిటార్ ఎక్కువగా చర్చి క్వయర్‌లోనో పెళ్లి ఆర్కెస్ట్రాలోనో కనిపిస్తుంది. అందులోనూ వెనక స్ప్రింగులుండే స్ట్రాటోకాస్టర్ రకమే ఎక్కువ. 1954లో ఫెండర్ తెచ్చిన ఆ ట్రెమొలో బ్రిడ్జి (స్ట్రింగులు ఆనే లోహపు ఆధారం, ఆర్మ్ అనే కడ్డీతో ఊపితే స్వరం వణుకుతుంది) డిజైన్ ఇప్పటికీ పెద్దగా మారలేదు. దాన్ని సెట్ చేసే తీరులో జరిగే తప్పూ మారలేదు. శృతి నిలవట్లేదనగానే అందరి చెయ్యీ సాడిల్ (బ్రిడ్జి మీద ఒక్కో స్ట్రింగూ ఆనే చిన్న ముక్క) వెనక స్క్రూ మీదికే పోతుంది. అది ఆఖర్న ముట్టుకోవాల్సిన స్క్రూ. ముందు మెడ, తర్వాత స్ప్రింగుల బ్యాలెన్సు, తర్వాత స్ట్రింగుల ఎత్తు, చిట్టచివర ఇంటొనేషన్, అంటే మెడ మీద ఎక్కడ నొక్కినా స్వరం శృతిలో పలికేలా సాడిళ్లు జరపడం. ముందు చేసేది ప్రతిదీ తర్వాత చేసేదాన్ని కదిలిస్తుంది. వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి.

సామాన్లకు పెద్ద ఖర్చేమీ లేదు. రెండో నంబరు స్టార్ స్క్రూడ్రైవర్, అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు, క్లిప్ ట్యూనర్, కొత్త స్ట్రింగుల సెట్టు, అలెన్ కీలు. సాడిల్ ఎత్తు స్క్రూలకు ఆసియా తయారీ గిటార్లలో సాధారణంగా 1.5 మిల్లీమీటర్ల కీ పడుతుంది, అమెరికన్ వాటికి 0.05 అంగుళం కీ కావాలి. ఒకదాని బదులు ఒకటి దూరిస్తే స్క్రూ తల గుండ్రంగా అరిగిపోతుంది. సందులు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్ కొనక్కర్లేదు, టాపెట్ క్లియరెన్స్ చూసే బైకు మెకానిక్‌ని అడిగితే ఇస్తాడు.

పాత స్ట్రింగుల మీద సెట్టింగ్ చేయకండి. అరిగిన స్ట్రింగు పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర నిజం చెప్పదు. ఏ సైజు వాయిస్తారో కూడా ముందే తేల్చుకోండి. 9–42 సెట్టు (సన్న, లావు స్ట్రింగుల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీసి 10–46 వేస్తే మొత్తం లాగుడు సుమారు 8 కిలోలు పెరుగుతుంది, బ్రిడ్జి ముందుకు లేస్తుంది, ఉన్న సెట్టింగంతా పోతుంది.

మెడ సంగతి త్వరగా చూసేయవచ్చు. ఆరో స్ట్రింగును (అన్నిటికన్నా లావుది) మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ ఒంటికి కలిసే చోటా నొక్కి పట్టండి. ఏడెనిమిది ఫ్రెట్ల మధ్య స్ట్రింగు కింద 0.25 మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. ఎక్కువుంటే మెడ లోపలి ఇనప కడ్డీ, అంటే ట్రస్ రాడ్‌ని కుడికి పావు చుట్టు బిగించి, మళ్లీ శృతి చేసి కొలవండి. ఒకేసారి పావు చుట్టు మించొద్దు. నవంబరు వానలకు మెడ ఒకలా, రోహిణి కార్తె ఎండకు ఇంకోలా వంగుతుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు చూడాల్సిందే.

ఇక అసలు పని. ట్రెమొలో బ్రిడ్జి తక్కెడలాంటిది. పైన ఆరు స్ట్రింగులు ముందుకు లాగుతుంటాయి, వెనక గుంటలో స్ప్రింగులు బ్రిడ్జి కింద వేలాడే లోహపు దిమ్మను, అంటే బ్లాకును, మెడ వైపుకు లాగుతుంటాయి. మీరు ఆరో స్ట్రింగును శృతిలో పెట్టి ఐదో దాన్ని బిగిస్తే ఆ లాగుడుకి బ్రిడ్జి కాస్త ముందుకొస్తుంది, ఆరోది కిందికి జారుతుంది. ఒకటో స్ట్రింగు దాకా వచ్చేసరికి ఆరోది అర స్వరం దిగి ఉంటుంది. మళ్లీ మొదలు. ఈ గొలుసు తెలియక గిటార్ పాడైందనుకుని ట్యూనింగ్ కీలు మార్చేవాళ్లున్నారు. కీల తప్పు ఇందులో ఏమీ లేదు.

ముందు తీసుకోవాల్సిన నిర్ణయం ఒకటుంది: బ్రిడ్జి ఒంటికి ఆని ఉండాలా, తేలుతూ ఉండాలా? చర్చిలో, స్టేజీ మీద వాయించేవాళ్లయితే ఆనించాల్సిందే, ఇందులో రెండో మాట లేదు. తేలే బ్రిడ్జిలో పాట మధ్య ఒక్క స్ట్రింగు తెగితే స్ప్రింగుల వైపు బలం పెరిగి బ్రిడ్జి వెనక్కి పడుతుంది, మిగతా అయిదూ షార్ప్ అవుతాయి, అంటే శృతి కన్నా పైకి పోతాయి. ఆనించిన బ్రిడ్జి అంతకన్నా వెనక్కి పోలేదు కాబట్టి ఆ అయిదింటితో పాట పూర్తి చేయొచ్చు. తేలే బ్రిడ్జిలోనే అసలు టోన్ ఉందని వీడియోలు చూసి వాదించేవాళ్లతో వాదన అనవసరం. ఆదివారం ఆరాధన మధ్యలో ఒకటో స్ట్రింగు తెగినప్పుడు వాళ్లకే అర్థమవుతుంది.

ఆనించే పద్ధతి ఇది. వెనక మూత తీస్తే స్ప్రింగులు తగిలించిన ఇనప పట్టీ కనిపిస్తుంది. దాన్ని క్లా అంటారు. స్ట్రింగులన్నీ శృతిలో పెట్టండి. క్లాను పట్టే రెండు పొడుగు స్క్రూలను చెరో అర చుట్టు బిగించి, మళ్లీ శృతి చేసి, బ్రిడ్జి పళ్లెం వెనక అంచు చెక్కకు తగిలిందేమో చూడండి. తగిలేదాకా ఇలాగే. తగిలాక ఇంకో అర చుట్టు బిగించండి. మూడో స్ట్రింగును ఒక స్వరం పైకి బెండ్ చేసినా (వేలితో పక్కకు లాగినా) పళ్లెం లేవకూడదు. లేస్తే ఇంకో స్ప్రింగు వేయండి. 9–42కి మూడు స్ప్రింగులు సరిపోవచ్చు, 10–46 ఆనించాలంటే నాలుగో అయిదో కావాలి.

తేలాలనే పట్టుదల ఉంటే పళ్లెం వెనక అంచు కింద 3 మిల్లీమీటర్ల సందు ఉంచాలి. దీనికి శృతి–బిగింపు–శృతి అని అరపూట పాడుచేసుకోకుండా ఓ కిటుకుంది. స్ట్రింగులు కాస్త వదులు చేసి, బ్లాకుకూ గుంటలో గిటార్ అడుగు వైపు గోడకూ మధ్య ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి దూర్చండి. పళ్లెం సరిగ్గా 3 మిల్లీమీటర్లు లేచిన చోట బ్లాకు వాటికి ఆనాలి, అన్ని పుల్లలు చాలు. ఇప్పుడు క్లాను వదులు చేసి శృతి చేయండి. పుల్లలు అడ్డున్నాయి కాబట్టి బ్రిడ్జి ముందుకు రాదు, ఒక స్ట్రింగు బిగిస్తే ఇంకోటి జారదు. ఆరూ శృతిలో నిలిచాక క్లా స్క్రూలను కొద్దికొద్దిగా బిగించుకుంటూ పోండి. పుల్లలు వాటంతటవే జారి పడిన క్షణంలో ఆపండి. రెండు బలాలూ సమానమయ్యాయన్న మాట. ఇంకో పావు చుట్టు తిప్పారా, బ్రిడ్జి వెనక్కి పోయి స్ట్రింగులన్నీ షార్ప్ అవుతాయి.

ఈ పనిలో గిటార్లు పాడయ్యే చోట్లు మూడు. మొదటిది, క్లాకు టంకం వేసిన సన్నటి తీగ. అది ఎర్త్, తెగితే ఆంప్ ఆన్ చేయగానే బుయ్‌మని మోత వస్తుంది, స్ట్రింగుల మీద చెయ్యి పెట్టినా తగ్గదు. క్లా తిప్పేటప్పుడు ఆ తీగ మీద లాగుడు పడకుండా చూడండి. రెండోది, స్క్రూడ్రైవర్ జారడం. ఆ స్క్రూల మీద స్ప్రింగుల బలమంతా ఉంటుంది, అరిగిన డ్రైవర్ జారితే వెనక పాలిష్ గీసుకుపోతుంది. మూడోది, ముందు అంచున ఉండే ఆరు స్క్రూలు. వాటిని కిందిదాకా బిగిస్తే పళ్లెం తిరగడానికి చోటుండదు, ఆర్మ్ ఊపిన ప్రతిసారీ శృతి పోతుంది. రెండు చివర్లలో ఉన్న వాటి తలలు పళ్లేనికి తగిలీ తగలనట్టుండాలి, మధ్య నాలుగూ ఒక మిల్లీమీటరు పైకి ఉండాలి. రెండు స్తంభాల మీద నిలిచే బ్రిడ్జయితే స్ట్రింగుల బిగువు మీద స్తంభాలు తిప్పొద్దు, పళ్లెం పదునైన అంచు అరుగుతుంది. ముందు స్ట్రింగులు వదులు చేసి తిప్పండి.

ఎత్తు తేలికే. పన్నెండో ఫ్రెట్ మీద ఆరో స్ట్రింగు అడుగుకు 2 మిల్లీమీటర్లు, ఒకటో దానికి 1.5. మధ్యవన్నీ ఫింగర్‌బోర్డు వంపు ప్రకారం పోవాలి. 9.5 అంగుళాల వంపుకు 241 మిల్లీమీటర్ల దారంతో అట్టముక్క మీద వృత్తం గీసి కత్తిరిస్తే గేజ్ తయారు. ఒక సాడిల్‌కున్న రెండు స్క్రూలూ సమానంగా ఉండాలి. ఒకవైపుకు వాలిన సాడిల్ పక్కదాన్ని నెడుతుంది.

సముద్రం దగ్గరి ఊళ్లలో, కొత్తపట్నం, మైపాడు వైపు, ఈ సన్న స్క్రూలు ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. బలవంతంగా తిప్పకండి. సూది మొనతో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి రాత్రంతా ఉంచండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, అది జిడ్డు కట్టి మరల్లో గట్టిపడుతుంది.

ఇప్పుడు ఇంటొనేషన్. గిటార్‌ని వాయించే భంగిమలోనే పట్టుకోండి, బల్ల మీద పడుకోబెట్టి కాదు. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ (ఫ్రెట్ మీద స్ట్రింగును నొక్కకుండా తాకి మీటిన స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం, రెండూ ట్యూనర్‌లో పోల్చండి. నొక్కింది షార్ప్ అయితే సాడిల్ వెనక్కి, ఫ్లాట్ (దిగువకు) అయితే మెడ వైపుకు. సాడిల్ జరిపే ముందు స్ట్రింగు వదులు చేసి, జరిపాక ఓపెన్ స్వరం మళ్లీ శృతి చేశాకే పోల్చాలి. ఈ ముక్కే చాలామంది మరిచిపోయి ట్యూనర్‌ని తిడతారు. ఆరో సాడిల్ వెనక్కి రాలేనంతగా దాని స్క్రూ చుట్టూ ఉండే చిన్న స్ప్రింగు నలిగిపోతే, ఆ చిన్న స్ప్రింగును సగానికి కత్తిరించి వేయండి. అయినా షార్ప్‌గానే ఉంటే పికప్ (స్ట్రింగుల కింద శబ్దం పట్టే అయస్కాంతపు భాగం) మరీ దగ్గరుందేమో చూడండి. అయస్కాంతం స్ట్రింగును లాగి తప్పు స్వరం పలికిస్తుంది. చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు ఆరో స్ట్రింగుకూ పికప్‌కూ మధ్య 2 మిల్లీమీటర్లకు తగ్గొద్దు.

బ్రిడ్జి మార్చాలనుకుంటే ముందు అవసరం ఉందా చూడండి. పళ్లెం విప్పి నునుపైన చీమకుర్తి గ్రానైట్ ముక్క మీద పెట్టి నొక్కండి. ఊగకపోతే పళ్లెం బాగున్నట్టే, స్టెయిన్‌లెస్ సాడిళ్లు, స్టీలు బ్లాకు మార్చితే చాలు. చౌక గిటార్లలో జింకు పోత బ్లాకు పలచగా ఉంటుంది, ఆర్మ్ మర త్వరగా అరిగిపోతుంది. మొత్తం సెట్టు ఆర్డర్ చేసేముందు నాలుగు కొలతలు రాసుకోండి: ముందు అంచున రెండు చివర్ల స్క్రూల కేంద్రాల మధ్య దూరం, ఆరో స్ట్రింగు నుంచి ఒకటో స్ట్రింగుకు దూరం, ఒంటి మందం, ఆర్మ్ మర సైజు. స్క్రూల మధ్య దూరం పాత అమెరికన్ కొలతలో 56 మిల్లీమీటర్లు, ఆసియా గిటార్లలో 52.5, 54 ఎక్కువ. 2 మిల్లీమీటర్ల తేడాకు కూడా స్క్రూలు దిగవు. ఒళ్లు పలచనైతే పూర్తి సైజు బ్లాకు వెనక నుంచి బయటికి పొడుచుకొస్తుంది.

కుదరని బ్రిడ్జి కొనేసి కొత్త రంధ్రాలు వేయాల్సి వస్తే, పాత రంధ్రాల్లో అగ్గిపుల్లలు కుక్కకండి. వడ్రంగి చేత 6 మిల్లీమీటర్ల టేకు బిరడాలు చేయించి, ఫెవికాల్‌తో దిగేసి, పూర్తిగా ఒక రోజు ఆరనివ్వండి. డ్రిల్ బిట్ మందం స్క్రూ కాడకు సరిపోవాలి, మరలకు కాదు. స్క్రూకు కొవ్వొత్తి మైనం రాసి దించండి. కొత్త బ్రిడ్జి ఎక్కాక స్ప్రింగుల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. వెనక ప్లాస్టిక్ మూత మాత్రం తిరిగి బిగించకండి, స్ట్రింగు మార్చిన ప్రతిసారీ అది అడ్డమే.